టెంకాయ మీద నేర్చిన వైద్యం

పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, నలుగురు డాక్టర్లు ఒక బంతిలో కూర్చున్న చోటల్లా నేను చెప్పే కథ ఒకటి ఉండేది. "మాది కరోనా బ్యాచ్. పిల్లల వైద్యంలో మాకు అన్నీ నేర్పారు, పిల్లల్ని మాత్రం చూపించలేదు" అని మొదలుపెట్టేవాణ్ణి. నంద్యాలలో నేను చదువుకున్న పిల్లల అత్యవసర వార్డులో ఎనిమిది మంచాలు, ఎనిమిదీ ఖాళీ, దుప్పట్ల మడత కూడా చెదరలేదు అని చెప్పేవాణ్ణి. "కిటికీ పక్క మంచం మీద నిద్రపోయినంత హాయిగా నా జన్మలో ఇంకెక్కడా నిద్రపోలేదు" అనేది చివరి మాట. దానికి అందరూ పగలబడి నవ్వేవాళ్లు. వడ్డించేవాళ్లు కూడా ఆగి నవ్వేవాళ్లు.

ఇప్పుడా కథ చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనమంతా చెప్పుకోవాలి. అది కొంచెం నంజుకునేంత కాదు, కడుపు నిండా ఉంది. ఓపిగ్గా వినాలి.

మాది నంద్యాలలో కిరాణా అంగడి నడిపే ఇల్లు. మూడు తరాలుగా చింతపండు, బెల్లం, మిరపకాయలు తూచిన చేతులు మావి. మా వాళ్లలో పొట్లం సరిగ్గా కట్టడం రానివాణ్ణి నేనొక్కణ్ణే. "అంగడికి పనికిరాడు, డాక్టరన్నా చేద్దాం" అని నన్ను చదివించానని మా నాయన వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఎంబీబీఎస్ అయింది, పిల్లల వైద్యంలో పీజీకి చేరాను, చేరిన ఆరు నెలలకే కరోనా వచ్చి కూర్చుంది. బడులు మూశారు. బస్సులు ఆపారు. మమ్మల్ని తీసుకెళ్లి పెద్దవాళ్ల కరోనా వార్డులో వేశారు. పసిపిల్లల ఏడుపు విని జబ్బు పోల్చడం నేర్చుకోవాల్సినవాడికి, నంద్యాలలో ఉన్న తాతలందరి షుగరూ బీపీ నోటికొచ్చేశాయి.

కరోనా వార్డులో వేసుకునే ఆ తెల్ల సూటు లోపల చెమటలో ఈత కొట్టొచ్చు. చెవుల మీద కూడా అది కప్పేస్తుంది కాబట్టి స్టెతస్కోపు పెట్టుకోవడానికి చోటుండదు. చేతికి రెండు జతల గ్లౌజులు. ఇంత కట్టుకుని మనిషిని ముట్టుకున్నా ఏం తెలుస్తుంది? ముట్టుకోవడమే మానేశాను. వేలికి ఆక్సిజన్ మెషిన్ తగిలించడం, దాని మీది అంకె చదవడం, కాగితం మీద రాసుకోవడం, పక్క మంచానికి పోవడం. తొంభై ఆరు వస్తే మంచి మనిషి, ఎనభై ఎనిమిది వస్తే చెడ్డ మనిషి. రెండేళ్లు అదే పని చేసేసరికి వైద్యమంతా ఆ అంకెలోనే ఉందని నా చేతులు నమ్మేశాయి. తర్వాత నా పరువు తీసింది ఈ నమ్మకమే.

కరోనా వార్డులో పదిహేను రోజులు చేస్తే పిల్లల వార్డులో పదిహేను రోజులు. పిల్లల వార్డంటే విశ్రాంతి. బడుల్లేవు, ఒకరి జలుబు ఇంకొకరికి అంటదు, పిల్లలందరూ ఇళ్లలో హాయిగా అష్టాచెమ్మా ఆడుకుంటున్నారు, అందుకే రావడం లేదు అని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకుని కిటికీ పక్క మంచమెక్కి పడుకునేవాణ్ణి.

చేత్తో నేర్చుకోవాల్సిన పనులన్నీ కంప్యూటర్ తెర మీద నేర్పారు. అందులో ఒకటి, ఎముకలోకి సూది వేయడం. వాంతులు, విరేచనాలు అయ్యి ఒంట్లో నీళ్లన్నీ పోయిన పసిబిడ్డకు నరాలు అణిగిపోయి దొరకవు. అప్పుడు మోకాలి కింద కాలి ఎముకలోకి సూది దించి సెలైన్ ఎక్కిస్తే అది నేరుగా రక్తంలో కలుస్తుంది. బిడ్డ బతుకుతుంది. చేతకాకపోతే బతకదు. అంత ముఖ్యమైన పని అది. నగరం నుంచి తెర మీదికొచ్చిన పెద్ద డాక్టరుగారు, "రేపు ప్రతి ఒక్కరూ ఒక పచ్చి కోడికాలు దగ్గర పెట్టుకోండి. దాని ఎముక మీద సాధన చేయిస్తాను" అన్నారు.

నాకప్పుడు కరోనా వార్డు డ్యూటీ అయిపోయి, ఇంట్లో మిద్దె మీద గదిలో విడిగా ఉంటున్నాను. అన్నం మెట్ల మీద పెట్టి అమ్మ కిందికి దిగిపోయేది. నేను మెట్ల దగ్గర నిలబడి కేకేశాను.

"అమ్మా, ఒక కోడికాలు కావాల."

"ఏందిరా?"

"కోడికాలు. పచ్చిది. చదువుకు."

వెల్లుల్లి కూడా వారం చూసి వేసుకునే ఇల్లు మాది. ముందుగా తేరుకుంది మా అవ్వ. "పిల్లోనికి ముక్కులో పుల్ల పెట్టి చూసినారు గదా, అది యాడనో మెదడుకు తగిలిండాది. నేను అప్పుడే అనుకుంటి" అంది.

అరగంటకు మా నాయన మెట్ల మీద ఒక టెంకాయ పెట్టి పోయాడు. గుళ్లన్నీ మూసేయడంతో అంగట్లో టెంకాయలు బస్తాలకు బస్తాలు మిగిలిపోయాయి. "కోడి గీడి ఈ ఇంట్లో కుదరదు. దీని మీద నేర్చుకో. గట్టిగానే ఉండాది, లోపల నీళ్లుండాయి, ఇంకేం గావాల నీకు?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. అదీ నా తెలివి.

మరుసటి రోజు తెర మీద అందరూ కోడికాళ్లతో కూర్చుంటే నేను టెంకాయతో కూర్చున్నాను. కెమెరా కొంచెం వంచి, నా వేళ్లూ సూదీ మాత్రం కనబడేలా పెట్టుకున్నాను. టెంకాయకు మూడు కళ్లుంటాయి, అందులో ఒకటి మెత్తనిదని అంగడి పిల్లలకు పుట్టుకతోనే తెలుసు. సూది తీసుకుని మెత్తని కంట్లో పెట్టాను. వెన్నలో దిగినట్టు దిగింది. సిరంజీతో లాగితే నీళ్లొచ్చాయి. ఆ రోజు సిగ్నల్ అంతంతమాత్రం. పెద్ద డాక్టరుగారు కళ్లజోడు సవరించుకుని, "రంగు సరిగ్గా తెలీడం లేదుగానీ వచ్చింది, వచ్చింది. ఎంత సునాయాసంగా దించారండీ! అందరూ ఈయన చెయ్యి చూడండి" అన్నారు. నలభై మంది నా చెయ్యి చూశారు. క్లాసు అయ్యాక ఆ నీళ్లు తాగేశాను, తియ్యగా ఉన్నాయి. 'అత్యుత్తమ ప్రతిభ' అని సర్టిఫికెట్ వచ్చింది. మా నాయన దానికి పటం కట్టించి అంగట్లో వెంకటేశ్వరస్వామి పక్కన తగిలించాడు. ఇప్పటికీ రోజూ దానికి కూడా ఊదుబత్తి చూపిస్తాడు.

చివరి పరీక్ష కూడా తెర మీదే. జబ్బు బిడ్డకు బదులు రబ్బరు బొమ్మ. "బిడ్డ కాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. "చల్లగా ఉన్నాయి సార్" అన్నాను, బొమ్మను ముట్టుకోకుండానే. పుస్తకంలో అట్లాగే ఉంది మరి. పాసయ్యాను.

గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నవాణ్ణి తీసుకొచ్చి ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగా వేశారు. ఆళ్లగడ్డలో పొద్దున నన్ను లేపేది రాతి మీద ఉలి చప్పుడు. దేవుళ్లను చెక్కే షెడ్డు ఒకటి నా గది వెనకే. ఆ చప్పుడు వింటూ మంచం మీద పడుకుని ఆలోచించేవాణ్ణి. అందరి దగ్గరా దాచిన భయం ఒకటుండేది నాకు. ఏదో ఒక రోజు నిజంగా ప్రాణం మీదికొచ్చిన బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెడతారు. ఏం చేయాలో నా నోటికి తెలుసు. నా చేతులకు తెలియదు. ఆ బిడ్డ చచ్చిపోతుంది, నా చేతకానితనం వల్ల చచ్చిపోతుంది. ఈ భయంతో పొద్దునపూట ఉగ్గాని కూడా సయించేది కాదు. అబద్ధమెందుకు, రెండో ప్లేటు సయించేది కాదు.

ఆ ఆసుపత్రిలో ఒక సిస్టర్ ఉండేది. రిటైరవడానికి రెండేళ్లుంది. చర్చి పక్క వీధిలో ఇల్లు, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు, ఎవరినైనా ఒక్క మాటలో కూర్చోబెట్టే గొంతు. నా సర్టిఫికెట్ల సంగతి మొదటి రోజే ఆమెకు గొప్పగా చెప్పాను. "మంచిది సార్" అని ఊరుకుంది.

బడులు తెరిచారు, మాస్కులు పోయాయి, రెండేళ్ల జలుబులూ జ్వరాలూ కట్ట తెగినట్టు ఒక్కసారి వచ్చి పడ్డాయి. వానాకాలంలో ఒక పొద్దున ఎనిమిది నెలల పాపను తెచ్చారు. రెండు రోజులుగా విరేచనాలు. నా అలవాటు ప్రకారం పాప వేలికి ఆక్సిజన్ మెషిన్ తగిలించాను. అంకె రాలేదు, రెండు గీతలొచ్చాయి. వేలు మార్చాను. గీతలే. కాలి వేలికి పెట్టాను. చెవికి పెట్టాను. నాకు కోపం నషాళానికంటింది. "ఏం మెషిన్లు కొంటారో ఏమో! బ్యాటరీలు యాడ పెట్టినారు? ఎవరైనా బ్యాటరీలు తెస్తారా లేదా?" అని ఆసుపత్రి ఎగిరిపోయేలా అరిచాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ మెషిన్‌ను బల్లకేసి కొట్టాను కూడా.

సిస్టర్ వచ్చింది. బ్యాటరీలు తేలేదు. పాప పాదం చేత్తో పట్టుకుంది.

"కాళ్లు మంచుగడ్డ మాదిరి ఉండాయి సార్. కాళ్లకు రక్తమే రాకుంటే అదేం చూపిస్తాది? మెషిన్ బాగానే ఉండాది" అంది.

బొమ్మను ముట్టుకోకుండా చల్లగా ఉన్నాయని చెప్పినవాణ్ణి, నిజంగా చల్లబడిన బిడ్డ ఎదురుగా ఉంటే ముట్టుకోవడమే మరిచిపోయాను. నేను నోరు తెరిచేలోపల ఆమె పాప తలను పక్కకు తిప్పి, వెంట్రుకల మధ్య వెతికి, ఒకే పోటుకు నరం పట్టేసింది. సెలైన్ ఎక్కింది. గంటలో పాప కళ్లు తెరిచి గుక్కపట్టి ఏడ్చింది. వాళ్ల నాయన వచ్చి నా చేతులు పట్టుకుని, "నువ్వు దేవుడు సార్" అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. సిస్టర్ బల్ల మీది మెషిన్ తీసి, తుడిచి, డ్రాయర్లో పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఆమెకు అంతా చెప్పేశాను. సూటు, అంకె, ఖాళీ వార్డు, టెంకాయ, అన్నీ. టెంకాయ దగ్గరికొచ్చేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. కళ్లజోడు తీసి కొంగుతో కళ్లొత్తుకుంది. "యేసయ్యా! నీళ్లు గూడా తాగితివా?" అంది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపింది.

"నేనేం చేసేది సిస్టర్? పిల్లలు రాలేదు. రెండేళ్లు ఒక్క కేసు రాలేదు. ఒక్కటి వచ్చింటే నేర్చుకునేవాణ్ణి గదా."

"రాకపోతే రోగాలు లేనట్టా సార్?" అంది.

నేను ఆ మాట పట్టించుకోలేదు. నా బాధ నాది.

"రేపు ఆదివారం. చర్చి అయినంక వస్తా. యాడికీ పోవాకు" అని చెప్పి లేచింది.

వచ్చింది. స్టీలు టిఫిన్ డబ్బాలో నాలుగు పచ్చి కోడికాళ్లు తెచ్చింది. ఆళ్లగడ్డలో నా గదిలో, మా వంశంలో మొదటిసారి, నేను మాంసాన్ని తాకాను. రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, మాస్కు పెట్టుకుని తాకాను.

"అది సచ్చిపోయిండాది సార్. దానికి కరోనా రాదు, నీకు పాపం రాదు. తీయ్ అవన్నీ" అంది.

తీశాను. మొదటిసారి టెంకాయ చెయ్యి చూపించాను. మెల్లగా పెట్టి నొక్కితే సూది ఎముక మీద జారి నా బొటనవేలి పక్కకు పోయింది. రెండోసారి బలమంతా పెడితే ఆ పక్క నుంచి బయటికొచ్చి బల్లలో దిగింది. నా సునాయాసమైన చెయ్యి అది! నగరం పెద్ద డాక్టరుగారు చూసుంటే కళ్లజోడు పగలగొట్టుకునేవారు. సిస్టర్ తన చెయ్యి నా చెయ్యి మీద పెట్టింది. "నిన్ను పొడవమనలేదు సార్. నిలువుగా పట్టుకో. తిప్పుతా నొక్కు. ఎముక నిన్ను రానీదు, రానీదు, రానీదు. ఉన్నట్టుండి యిడుస్తాది. యిడిసిన చోట ఆగిపో. ముందుకు పోతే చెడిపోతాది" అంది. మూడో కాలికి చేతిలో ఏదో పుటుక్కుమంది. ఆగాను. సూది దానంతటదే నిటారుగా నిలబడింది. నాలుగో కాలికి ఆమె చెయ్యి తీసేసింది, నేనే దించాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే పని. మధ్యలో ఆమె ఇంకొకటి నేర్పింది. ఏ బిడ్డ వచ్చినా ముందు పాదం పట్టుకోవాలి. బొటనవేలితో నొక్కి వదిలితే పోయిన ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూడాలి. ఆ తర్వాతే మెషిన్. అలవాటు కోసం ఓపీలో జలుబుకొచ్చిన పిల్లల పాదాలు కూడా పట్టుకునేవాణ్ణి. "ఈ డాక్టరు ముక్కు చూపిస్తే కాళ్లు పట్టుకుంటాండాడు" అని ఊళ్లో పేరొచ్చింది. నేను పొడిచిన కోడికాళ్లు ఏమవుతున్నాయని ఒకసారి అడిగాను. "మా మనవళ్లు తింటాండారు. మసాలా లోపలికి బాగా పడతాండాదంట" అంది.

మొన్నటి ఎండాకాలం, మధ్యాహ్నం ఒంటిగంట. ఓపీ అయిపోయి చేతులు కడుక్కుంటున్నాను. ఆటో ఒకటి నేరుగా గుమ్మంలోకి వచ్చి ఆగింది. చాగలమర్రి పక్క పల్లె నుంచి ఒకామె, చేతుల్లో పది నెలల మగబిడ్డ. ఆమె ఏడవడం లేదు, మాట్లాడడం లేదు, బిడ్డను నా వైపు చాపింది. బిడ్డ మెడ నిలవడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. మూడు రోజులుగా వాంతులు, బేదులు అని ఆటో అతను చెప్పాడు.

నేను పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. పిక్క పట్టుకున్నాను. మోకాలి దాకా చల్లగా ఉంది. నొక్కి వదిలిన చోట తెల్లమచ్చ అలాగే ఉండిపోయింది.

"సిస్టర్!"

ఆమె అప్పటికే వచ్చేసింది. తల మీద చూసింది, దొరకలేదు. చేతి మీద పొడిచింది, దొరకలేదు. రెండో పాదం మీద చూసింది. ఆమె చేతికి నరం దొరక్కపోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఆమె తలెత్తింది.

"అణిగిపోయిండాయి. నా వల్ల గాదు నాయనా. ఎముకకు పా."

అంతవరకూ ఆమె నన్ను సార్ తప్ప ఇంకో మాటతో పిలవలేదు.

సూది తీసుకున్నాను. బిడ్డ కాలు నా బొటనవేలి కంటే కాస్త లావుగా ఉంది, అంతే. కోడికాలే దీనికంటే బలంగా ఉండేది. మోకాలి కింద గుబ్బ తడిమాను, దాని కింద ఒక వేలు దిగి లోపలి వైపు చదునైన చోటు పట్టుకున్నాను. తిప్పుతూ నొక్కాను. రానీయలేదు. నొక్కాను. రానీయలేదు. ఎముక విరిగిపోతుందేమో, ఆ పక్కకు పోతానేమో, చెయ్యి తీసేద్దామా అనిపించింది. నిజం చెబుతున్నాను, పారిపోదామా అనిపించింది. అప్పుడు చేతిలో పుటుక్కుమంది.

ఆగాను. సూది నిలబడింది. సిరంజీతో లాగితే ఎర్రగా వచ్చింది. "వచ్చింది! వచ్చింది!" అని నేను పరీక్షలో పాసైనవాడిలా అరిచాను. "వచ్చింది లే, నెట్టు" అంది సిస్టర్. పెద్ద సిరంజీతో సెలైన్ నెట్టాం. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఆమె కంటే ముందు నా వేళ్లకే తెలిసింది, పిక్క దగ్గర చల్లదనం తగ్గుతోంది. బిడ్డ మూతి వంకర పెట్టింది. తర్వాత ఏడ్చింది. పెద్ద ఏడుపేం కాదు, పిల్లికూన గొంతు. నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. సిస్టర్ మెషిన్ తెచ్చి బిడ్డ వేలికి తగిలించింది. తొంభై ఏడు అని చూపించింది. "ఇప్పుడు చూసుకో నీ అంకె" అంది.

బిడ్డను నంద్యాలకు పంపాలి. అంబులెన్సులో నేనూ ఎక్కాను. ఎముకలో సూది ఉంది, దారిలో కదిలితే కష్టం. ఆ తల్లి ఎదురుగా కూర్చుంది. దారి పొడవునా నేను బిడ్డ కాలు వదల్లేదు, ఆమె నా ముఖం మీద నుంచి చూపు తీయలేదు.

నంద్యాలలో నేను చదువుకున్న వార్డే అది. ఎనిమిది మంచాలకూ ఇద్దరేసి పిల్లలు. సిస్టర్లు నన్ను గుర్తుపట్టి, "ఈ డాక్టరు ఈడే చదువుకున్యాడు, మా పిల్లోడే" అని ఆమెకు చెప్పారు. కిటికీ పక్క మంచం మీది ఇద్దరినీ పక్కకు జరిపి మా బిడ్డకు చోటిచ్చారు. రెండో చేతికి నరం దొరికింది, ఎముకలో సూది తీసేశారు. సాయంత్రం అయిదయింది. బిడ్డ పాలు తాగి నిద్రపోయింది. నేను విజయగర్వంతో కాగితాలు నింపడానికి కూర్చున్నాను. ఈ కథను పెళ్లిళ్లలో ఎట్లా చెప్పాలో అప్పుడే లోపల మాటలు పేర్చుకుంటున్నాను. ఖాళీ మంచం నుంచి మొదలుపెట్టి, టెంకాయ మీదుగా, ఇదే మంచం దగ్గర ముగించాలి. ఎంత బాగా కుదిరిందో!

"ఇంతకు ముందు పిల్లలున్నారా అమ్మా?" అని అడిగాను, తల ఎత్తకుండా.

"ఒకడుండె సార్."

"ఉండె అంటే?"

"పోయినాడు. కరోనా యేడు."

"కరోనాతోనా?"

"కాదు సార్. వీనికి వచ్చిందే. వాంతులు, బేదులు. నాలుగో దినం పోయినాడు."

నాకు డాక్టరు కోపమొకటుంది, ఎక్కడ పడితే అక్కడ పొడుచుకొస్తుంది. "మరి ఆసుపత్రికి తేలేదా?" అన్నాను గట్టిగా.

"ఎట్ల తెచ్చేది సార్? బస్సుల్లేవు. ఆటో ఆయప్ప రాననె. ఆస్పత్రికి పోతే బిడ్డను గుంజుకోని యాడనో పెడ్తారు, మళ్లీ చూపియ్యరని ఊర్లో అనిరి. మా ఇంటాయన భుజానేసుకోని నడుస్తాననె. నేనే వొద్దంటి." ఆమె బిడ్డ నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తోసింది. "నేనే వొద్దంటి సార్."

రెండేళ్లు ఒక్క కేసూ రాలేదని నేను ఊరూరా చెప్పుకుని నవ్విన కేసు ఇది. చాగలమర్రి పక్కన పల్లెలో నాలుగు రోజులు ఉంది. నేను ఇక్కడ పడుకున్నాను.

ఆమె మంచం పట్టీ మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"అప్పుడు ఆస్పత్రులన్నీ నిండిపోయిండె, ఎట్లనో తెచ్చినా మంచం దొరికేది గాదు, నీ తప్పేం లేదని మా ఇంటాయన చెప్తాండాడు. నువ్వు ఈడే ఉంటివంట గదా సార్. నిజమేనా?"

ఎనిమిది మంచాలు. దుప్పట్ల మడత కూడా చెదరలేదు. నేను ఆమె ముఖంలోకి చూశాను.

"నిజమేనమ్మా. నిండిపోయింది. ఒక్క మంచం కూడా ఖాళీ లేదు" అన్నాను.

"లేదా సార్?"

"లేదమ్మా. తెచ్చినా మేం చేర్చుకునేవాళ్లం కాదు."

ఆమె చాలాసేపు నన్నే చూసింది. "అదే అంటాడు మా ఇంటాయన" అని, కొంగు తీసి నిద్రపోతున్న బిడ్డ కాళ్ల మీద కప్పింది.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అటూ ఇటూ జనం పోతున్నారు. సిగ్గులేకుండా అందరి ముందూ ఏడ్చాను. ఫోను మోగింది. ఆళ్లగడ్డ నుంచి సిస్టర్.

"బిడ్డ కాళ్లు ఎట్లుండాయి నాయనా?"

"వెచ్చగా ఉన్నాయమ్మా" అన్నాను.